రెండూ ఎక్స్‌రేలే కదా అంటే ఎట్లా సామీ?

మొన్నామధ్య మా సీమ మిత్రుల గుంపులోకి ఒక ఫార్వర్డ్ వచ్చింది. సారాంశం ఇదీ: ఓర్వకల్లు రాళ్ళ మీద ఎవరో ఎక్స్‌రే గన్ పెట్టి చూశారట, 99 శాతం సిలికాన్ అని తేలిందట, అందుకే చిప్పుల ఫ్యాక్టరీ వెతుక్కుంటూ మన కర్నూలుకే వస్తోందట. చివర్న షరా మామూలే.. నిజమైన సీమ బిడ్డవైతే పదిమందికి పంపు అని.

నేను ఊరుకోలేక, "ఆ గన్ను ఆక్సిజన్ని చూడలేదు, కాబట్టి ఆ 99కి అర్థం లేదు. రసాయన స్థితి తెలియాలంటే ఫొటోఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ కావాలి" అని రెండు ముక్కలు రాశాను. వెంటనే ఒక మిత్రుడు, మంచి కంపెనీలో ఆర్కిటెక్టు, తిరుగు జవాబిచ్చాడు: "రెండూ ఎక్స్‌రేలే కదన్నా, ఏదైతే ఏం? డేటా డేటానే." పదిమంది బొటనవేళ్ళు చూపించారు.

ఫార్వర్డ్ నన్ను బాధపెట్టలేదు. ఫార్వర్డులు ఉన్నదే అందుకు. కానీ "డేటా డేటానే" అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుకుంది. పొద్దున లేస్తే డేటాతోనే బతికే మనవాళ్ళు అనాల్సిన మాటేనా అది? అందుకే ఈ టపా. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

ముందు ఆ రెండూ ఏమిటో చూద్దాం. రెండింట్లోనూ మనం చేసే పని ఒకటే: వస్తువు మీదికి ఎక్స్‌రేలు కొట్టడం. తేడా అంతా బయటికొచ్చేదాన్ని చూడడంలో ఉంది. ఎక్స్‌రే తగిలిన అణువులోంచి ఒక ఎలక్ట్రాన్ ఎగిరి బయట పడుతుంది. లోపల ఖాళీ ఏర్పడుతుంది. పై మెట్టు మీద ఉన్న ఇంకో ఎలక్ట్రాన్ ఆ ఖాళీలోకి దూకుతుంది, దూకేటప్పుడు మిగిలిన శక్తి మళ్ళీ ఎక్స్‌రేగా బయటికి రావచ్చు. ఎగిరిపోయిన ఎలక్ట్రాన్ని పట్టుకుని దాని వేగం కొలిస్తే అది ఫొటోఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీ, అంటే ఎక్స్‌పీఎస్. తర్వాత వచ్చిన ఎక్స్‌రేని పట్టుకుంటే అది ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ. గన్ రూపంలో దొరికేది అందులో ఒక రకం, ఎక్స్‌ఆర్‌ఎఫ్ అంటారు.

"ఇంతేనా తేడా" అనకండి. కథంతా ఇక్కడే ఉంది.

ఎక్స్‌పీఎస్‌లో లెక్క తీసివేతే. అల్యూమినియం నుంచి వచ్చే ఎక్స్‌రే శక్తి 1486.6 ఎలక్ట్రాన్ వోల్టులు. అంత ఇచ్చి పంపాం. బయటికొచ్చిన ఎలక్ట్రాన్ జేబులో ఎంత మిగిలిందో చూస్తే, గేటు దగ్గర కట్టిన టోలు ఎంతో తెలిసిపోతుంది. ఆ టోలే బంధన శక్తి. అణువు పక్కన ఎవరు కూర్చున్నారన్న దాన్నిబట్టి ఈ టోలు కొంచెం మారుతుంది. సిలికాన్‌లో ఒక మెట్టు తీసుకుంటే, శుద్ధ సిలికాన్‌లో దాదాపు 99.4, సిలికాన్ కార్బైడ్‌లో దాదాపు 100.5, సిలికాలో అంటే మన ఇసుకలో, ఓర్వకల్లు రాళ్ళలో దాదాపు 103.5. మూడూ విడివిడిగా కనపడతాయి.

మరి ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో? అక్కడ మనం చూసేది రెండు లోపలి మెట్ల మధ్య తేడా. పక్కన ఆక్సిజన్ కూర్చుంటే రెండు మెట్లూ కలిసికట్టుగా జరుగుతాయి. తేడా దాదాపు అట్లాగే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే, సర్వర్ గడియారం మూడు నిమిషాలు తప్పు నడుస్తోంది అనుకోండి. లాగులో రెండు టైమ్‌స్టాంపుల తేడా తీస్తే ఆ తప్పు ఎగిరిపోతుంది. అసలు టైమ్‌స్టాంపు చూసినవాడికే గడియారం జరిగిందని తెలుస్తుంది. సిలికాన్ నుంచి సిలికాకి మారితే ఎక్స్‌రే గీత జరిగేది ఒక ఎలక్ట్రాన్ వోల్టు కూడా ఉండదు. చేతి గన్ను విడదీసి చూడగలిగేది వంద ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపు. కాబట్టి ఆ గన్నుకి ఇసుకా సిలికానే, కార్బైడూ సిలికానే, చిప్పూ సిలికానే. (స్ఫటికాలతో చేసే పెద్ద యంత్రాలూ, సింక్రోట్రాన్‌లో చేసే ఎక్స్‌రే శోషణ పద్ధతులూ ఈ చిన్న తేడాల్ని చూడగలవు. అది వేరే సంగతి, గన్ను పట్టుకుని రాళ్ళ వెంట తిరిగేవాడి సంగతి కాదు.)

ఇంకో గొడవ. తేలిక మూలకాల నుంచి వచ్చే ఎక్స్‌రేలు మరీ బలహీనం. గాల్లోనే ఆరిపోతాయి. కార్బన్ గీత 277 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది. అది గన్ కిటికీ కూడా దాటదు. ఆక్సిజనూ అంతే, ఫ్లోరినూ అంతే. సిలికాలో బరువు లెక్కన సిలికాన్ 46.7 శాతమే, మిగతాదంతా ఆక్సిజన్. కనపడని ఆక్సిజన్ని వదిలేసి, కనపడ్డవాటినే వందకి సర్దేస్తే వచ్చేదే ఆ 99. అది రాయి గొప్పతనం కాదు, గన్ను గుడ్డితనం. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో మనవాళ్ళు వజ్రాలు ఏరుకుంటారు కదా, నిజం వజ్రం దొరికినా ఈ గన్నుకి కనపడేది దాదాపు ఏమీ ఉండదు. కార్బన్ కదా మరి :)

ఈ రెండు విద్యలూ ఒకే ఇంట్లోంచి వచ్చాయని చాలామందికి తెలియదు. స్వీడన్‌లో మాన్నె సీగ్‌బాన్ ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీకి 1924 సంవత్సరపు నోబెల్ తెచ్చుకున్నాడు. కొడుకు కాయ్ సీగ్‌బాన్ ఎలక్ట్రాన్ స్పెక్ట్రోస్కోపీకి 1981లో తెచ్చుకున్నాడు. నాన్న చేసిందే చాలు, రెండూ ఎక్స్‌రేలే కదా అని ఆ కొడుకు అనుకుని ఉంటే ఈ టపా రాసే పనుండేది కాదు.

మనకీ ఇందులో ఒక పెద్దాయన ఉన్నాడు. స్వామి జ్ఞానానంద. ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో పుట్టి, సన్యాసం తీసుకుని, తర్వాత ప్రాగ్ వెళ్ళి ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీలో పరిశోధన చేశాడు. ఆ తర్వాత ఇంగ్లండులో చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద, అంటే ఎలక్ట్రాన్ల మీద పని చేశాడు. తిరిగొచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక విభాగాన్ని నిలబెట్టాడు. 1947లో ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం దేని మీదో తెలుసా? శూన్యాన్ని తయారుచేయడం, కొలవడం మీద. ఎక్స్‌పీఎస్ ప్రాణమంతా ఆ శూన్యంలోనే ఉంది. గాలి ఉంటే ఎలక్ట్రాన్ డిటెక్టరు దాకా రాదు. యంత్రం అంత ఖరీదు, అంత నెమ్మది కావడానికి అదే ముఖ్య కారణం. కాషాయం కట్టుకున్న మనిషి పంపులూ గేజీలూ పట్టించుకున్నాడు. జీన్స్ వేసుకున్న మనం "డేటా డేటానే" అంటున్నాం.

ఇప్పుడు ఇంకో వర్గం తయారవుతుందని తెలుసు. "అయితే ఎక్స్‌పీఎస్ గొప్పది, గన్నులన్నీ పారేయండి" అనేవాళ్ళు. వాళ్ళతోనూ నాకు పేచీనే.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ సంగతి తీసుకోండి. కౌంటరు మీద క్యారెట్ మీటరు అని పెట్టెలో గొలుసు పెడతారే, అది ఎక్స్‌ఆర్‌ఎఫ్‌నే. బంగారంలో అది చూసే లోతు పది మైక్రాన్ల దరిదాపు, వెంట్రుక మందంలో పదో వంతు అనుకోండి. పూత అంతకంటే మందంగా ఉంటే మీటరు మోసపోతుంది. అందుకే హాల్‌మార్కింగ్‌లో ఎక్స్‌ఆర్‌ఎఫ్ తర్వాత కరిగించి చూసే అసలు పరీక్ష కూడా ఉంది. సరే, దీని బదులు ఎక్స్‌పీఎస్ పెడదామా? అది చూసేది పైన పది నానోమీటర్లలోపే. అంటే మైక్రాన్‌లో నూరో వంతు. రాగి గాజుకి పేరుకి బంగారు నీళ్ళు చూపించినా "శుద్ధ బంగారం" అని సర్టిఫికెట్ ఇస్తుంది! పైగా అమ్మ వేలి జిడ్డు ఉంటే ఆ జిడ్డు గురించే చెప్తుంది.

సిమెంటు సంగతీ అంతే. ఎర్రగుంట్ల వైపు పోతే కనపడే ఫ్యాక్టరీల్లాంటి వాటికి ఎక్స్‌ఆర్‌ఎఫ్ లేకపోతే పూట గడవదు. సున్నపురాయిలో కాల్షియం ఎంత, సిలికా ఎంత, ఇనుము ఎంత అని గంట గంటకీ చూసి పాళ్ళు సర్దుతారు. మంగంపేట ముగ్గురాయిలో బేరియం ఎంతో చూడ్డానికీ అదే సరి. అక్కడికి ఎక్స్‌పీఎస్ పట్టుకుపోతే నవ్వుతారు. చిప్పుల ఫ్యాక్టరీలోనే చూడండి. వేఫరు మీద ఇనుము, రాగి లాంటి లోహాల మురికి పట్టుకోవడానికి ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లోనే ఏటవాలుగా కొట్టే ఒక రకం వాడతారు. చదరపు సెంటీమీటరుకి వెయ్యి కోట్ల అణువులున్నా పట్టేస్తుంది. అది పై పొరలో లక్షకి ఒకటి లెక్క. ఎక్స్‌పీఎస్ వెయ్యికి ఒకటి ఉంటేనే చూడగలదు, అది కూడా కష్టం మీద.

కాబట్టి ఏది గొప్ప అన్న ప్రశ్నే తప్పు. "ఎంత ఉంది" అని అడిగేచోట ఎక్స్‌ఆర్‌ఎఫ్. "ఏ స్థితిలో ఉంది, పై పొరలో ఏముంది" అని అడిగేచోట ఎక్స్‌పీఎస్. ఎలక్ట్రానిక్ సామాన్లలో ప్రమాదకర పదార్థాల నిబంధనలు మనవాళ్ళకి తెలుసు. నిషేధం ఆరు వేలెన్సీ క్రోమియం మీద. మూడు వేలెన్సీది అంత హాని చేయదు. గన్ను మొత్తం క్రోమియం చెప్తుంది, ఏ క్రోమియమో చెప్పదు. స్టీలు గిన్నెనీ విషాన్నీ ఒకే గాట కట్టేస్తుంది.

ఇహ మన వృత్తికి తగిలే సంగతి. ఎక్స్‌పీఎస్ అసలు టైమ్‌స్టాంపు చూస్తుంది అన్నాను కదా, దాని బలహీనత కూడా అక్కడే ఉంది. గడియారం సరి చేసుకోవాలి! సిలికా లాంటి విద్యుత్ పారని వస్తువు మీదినుంచి ఎలక్ట్రాన్లు లేచిపోతే వస్తువు మీద ధన ఆవేశం పేరుకుంటుంది, గీతలన్నీ పక్కకి జరుగుతాయి. దీనికి వాడుకలో ఉన్న చిట్కా ఏమిటంటే, గాలిలోంచి ఎలాగూ కొంత కార్బన్ జిడ్డు అంటుకుంటుంది కాబట్టి దాని గీతని 284.8 దగ్గరికి లాగి మిగతావన్నీ దాంతో సర్దుకోవడం. స్వీడన్ పరిశోధకులు గ్రెజిన్‌స్కీ, హుల్ట్‌మన్ ఆ జిడ్డు గీత స్థిరంగా ఉండదని, కింద ఉన్న వస్తువుని బట్టి మారుతుందని చూపించారు. అయినా చాలామంది ఇప్పటికీ అట్లాగే లాగుతున్నారు. ఎన్‌టీపీ సర్వరే తప్పు టైము చెప్తుంటే మన గడియారాలన్నీ దానికి సరిచేసుకున్నట్టు.

అంతేనా. గీతని ముక్కలుగా విడదీసే సాఫ్ట్‌వేరులో ఎన్ని గుట్టలు కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు. నాలుగు పెడితే నాలుగు రసాయనాలున్నట్టు, ఆరు పెడితే ఆరున్నట్టు చక్కగా సరిపోతుంది. దీన్ని మనం ఓవర్‌ఫిట్టింగ్ అంటాం, ఇంటర్వ్యూలో ఫ్రెషర్లని అడుగుతాం. 2020లో ఒక అమెరికన్ బృందం పేరున్న మూడు పత్రికల్లోని వ్యాసాలు తిరగేస్తే, ఎక్స్‌పీఎస్ విశ్లేషణలున్నవాటిలో దాదాపు 40 శాతంలో ఫిట్టింగు పెద్ద తప్పులు కనపడ్డాయి. కోట్ల యంత్రం కొని, చివరి మెట్టు మీద, అదీ మన సాఫ్ట్‌వేరు మెట్టు మీద, బోర్లా పడడమన్నమాట. యంత్రం కొంటే విద్య రాదు.

సరే, ఓర్వకల్లుకి వద్దాం.

కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు అంటే ఒకప్పుడు రాళ్ళ తోట, ఆడవాళ్ళ పొదుపు సంఘాలు. తర్వాత శకునాల, గని వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. 2021 మార్చిలో విమానాశ్రయం తెరిచారు. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన పారిశ్రామిక కేంద్రాల్లో ఓర్వకల్లూ కడప దగ్గరి కొప్పర్తీ రెండూ ఉన్నాయి. ఓర్వకల్లుకి 2,621 ఎకరాలు. 2025లో ఇండిచిప్ అనే సంస్థా దాని జపాన్ భాగస్వామీ 14 వేల కోట్లతో ఇక్కడ సిలికాన్ కార్బైడ్ చిప్పుల ఫ్యాక్టరీ పెడతామని రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం రాసుకున్నాయి. ఒప్పందం వేరు, ఫ్యాక్టరీ వేరు అన్నది సీమవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సెమీకండక్టర్ల జాబితాలో సిలికాన్ కార్బైడ్ ఫ్యాక్టరీ ఒడిశాకి దక్కింది. ఆంధ్రాకి వచ్చింది ప్యాకేజింగ్ యూనిట్.

ఇందులో రాళ్ళ పాత్ర ఎంత? సున్నా. రాతి సిలికాని విద్యుత్ కొలిమిలో బొగ్గుతో కాలిస్తే వచ్చేది 98-99 శాతం సిలికాన్. దాన్ని వాయువుగా మార్చి శుద్ధి చేసి తొమ్మిది తొమ్మిదుల శుద్ధతకి తేవాలి. కార్బైడ్ స్ఫటికమైతే శుద్ధమైన పొడిని రెండు వేల డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి చేసి రోజుల తరబడి పెంచాలి. ప్రపంచంలో ఇసుకకి కరువు లేదు. కరువంతా ఆ పని తెలిసిన చేతులకి, కళ్ళకి. రాయి చూసి ఫ్యాక్టరీ వస్తుందనుకోవడం, గోదావరి పక్కన ఇల్లుంది కాబట్టి నాకు ఈత వచ్చు అన్నట్టుంది.

మరి ఆ కళ్ళు ఎక్కడ అవసరం? సిలికాన్ కార్బైడ్ ట్రాన్సిస్టర్లో అసలు తలనొప్పి కార్బైడ్‌కీ దాని మీది ఆక్సైడ్ పొరకీ మధ్య ఉండే సరిహద్దు. అక్కడి లోపాల్లో ఎలక్ట్రాన్లు చిక్కుకుపోతాయి. నైట్రిక్ ఆక్సైడ్ వాయువులో వేడి చేసి, నైట్రోజన్ని ఆ సరిహద్దులోకి చొప్పించి తగ్గిస్తారు. నైట్రోజన్ చేరిందా, ఏ రూపంలో చేరింది అని చూడ్డానికి ఎక్స్‌పీఎస్ కావాలి. చేతి గన్నుకి నైట్రోజన్ అనేదొకటి ఉందనే తెలియదు. అక్కడ కూడా చిక్కే: ఆక్సైడ్ మందం దాదాపు 50 నానోమీటర్లు, ఎక్స్‌పీఎస్ చూపు పది. పైపొర పల్చన చేసుకోవాలి, లేకపోతే ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ లాంటి చోట ఇంకా బలమైన ఎక్స్‌రేలతో చూడాలి. ఏ ప్రశ్నకి ఏ పనిముట్టు, ఎంత లోతు, ఎంత నమ్మకం.. ఇది తెలిసినవాడికి ఉద్యోగం. తెలియనివాడికి గేటు దగ్గర సెక్యూరిటీ యూనిఫాం. నేను కోపంగా రాస్తున్నది ఇందుకే. భూమి ఇచ్చేది మనం. పనిముట్టు పట్టుకునేవాడు మాత్రం బయటినుంచి రావాలా?

ఇంకా ముఖ్యమైనది నీళ్ళు. చిప్పుల ఫ్యాక్టరీ ఏదైనా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడుతుంది. మురుగు నీళ్ళలో ఫ్లోరైడ్‌ని సరిగ్గా తీసేయాలి. సీమలో చాలా ఊళ్ళ బోర్లలో ఫ్లోరైడ్ ముందే ఉంది. తాగే నీళ్ళలో లీటరుకి 1 మిల్లీగ్రాము హద్దు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. రేపు ఎవరో ఒకరు గన్ను పట్టుకొచ్చి, "చూడండి, ఫ్లోరిన్ రీడింగే లేదు" అంటారు. రీడింగ్ లేకపోవడం సున్నా కాదు నాయనా. అది నల్. సున్నాకీ నల్‌కీ తేడా తెలియని క్వెరీ రాస్తే కోడ్ రివ్యూలో చీరేస్తామే, ఊరి నీళ్ళ దగ్గర మాత్రం "డేటా డేటానే"నా? ఫ్లోరైడ్ చూడ్డానికి ఎక్స్‌ఆర్‌ఎఫ్ వద్దు, ఎక్స్‌పీఎస్ వద్దు. అయాన్ ఎలక్ట్రోడ్ అని చిన్న పరికరం చాలు. కానీ ఫ్యాక్టరీ రాకముందే చుట్టుపక్కల బోర్లన్నీ కొలిచి రాసిపెట్టుకోవాలి. పాత రీడింగు లేకపోతే రేపు ఎవరినీ నిలదీయలేం. "ఇది ముందునుంచీ ఉన్నదే" అంటారు, మన దగ్గర జవాబుండదు.

"ఇవన్నీ కంపెనీయే తెచ్చుకుంటుంది, మనకెందుకు" అని ఒక వాదన. తెచ్చుకుంటుంది, నిజమే. తన వేఫర్లు కొలుచుకోడానికి. మన బోరు కొలవడానికి కాదు, మన పిల్లలకి నేర్పడానికి కాదు. ఇంకో వాదన, "కోట్లు పోసి ఎక్స్‌పీఎస్ కొనాలా, ఒక్క జిల్లాకి?" వద్దు. ఒక్కో కాలేజీకి ఒకటి కొని గుడ్డ కప్పి పెట్టడం అసలే వద్దు. కర్నూలులో ట్రిపుల్ ఐటీ ఉంది, రాయలసీమ విశ్వవిద్యాలయం ఉంది. అందరూ వాడుకునే ఒక్క కొలతల కేంద్రం చాలు. ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లు రెండు మూడు, ఎక్స్‌పీఎస్ ఒకటి, నీళ్ళ పరీక్షల సరంజామా, అన్నిటికంటే ముందు వాటిని నడిపే శాశ్వత టెక్నీషియన్లు. డిప్లొమా పిల్లలకి ఏడాది శిక్షణ. ముడి డేటా అందరికీ కనపడేట్టు పెట్టాలి, ఫిట్టింగులో ఎన్ని గుట్టలు పెట్టారో కూడా. ఆ చివరి పనిలో హైదరాబాదులో, బెంగుళూరులో, బే ఏరియాలో కూర్చున్న మనం ఇప్పటికిప్పుడు చెయ్యగలిగింది ఉంది. ఊరికి గుడి గోపురం రంగులకి చందా పంపినట్టే, దీనికి వారాంతంలో రెండు గంటల కోడ్ పంపొచ్చు.

ఓర్వకల్లు ఆడవాళ్ళు పొదుపు పుస్తకాల్లో పైసా పైసా ఎవరిది, ఎప్పటిది, ఏ లెక్కలోది అని రాసుకుని సంఘాన్ని నిలబెట్టుకున్నారు. అప్పూ పొదుపూ రెండూ డబ్బే కదా అని ఏ అక్కా అనలేదు. అని ఉంటే సంఘం మిగిలేది కాదు. డేటా అంటే ఏమిటో వాళ్ళని అడిగి నేర్చుకోవాలి మనం.

ఇంతకీ ఆ ఆర్కిటెక్టు మిత్రుడికి ఇదంతా చెప్పాను. "సరేలే అన్నా, ఇంత సీరియస్ దేనికి" అన్నాడు. వాళ్ళ ఊరూ ఓర్వకల్లుకి ఆమడ దూరంలోనే. అక్కడ వాళ్ళమ్మ తాగేది బోరు నీళ్ళే.

తా.క.: ఆ ఫార్వర్డ్ మీకూ వచ్చి ఉంటే, పంపినవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి: "ఆ గన్ను ఏమేం చూడలేదు?" జవాబొస్తే ఆ 99 సంగతి మాట్లాడుకుందాం.